వెనకవాడి హారనే మన అద్దమా?

బెంగళూరులో ఇబ్లూరు దగ్గర రెడ్ పడిందంటే ఒక పట్టాన వదలదు. సిగ్నల్లో ఫోన్ తీయకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటుంది కాబట్టి చుట్టుపక్కల బళ్ళను చూస్తూ నిలబడతాను. మొన్న ఒక సాయంత్రం చూపంతా అద్దాల మీద పడింది. పక్కనున్న స్కూటర్‌కి కుడి అద్దం మాత్రమే ఉంది. ఎడమది బిగించాల్సిన రంధ్రంలో దుమ్ము గట్టిపడి ఉంది, అంటే తీసేసి చాలా కాలమే అయింది. అవతలున్న డెలివరీ కుర్రాడి అద్దాలు రెండూ లోపలికి తిరిగి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. ఒకదాని కాడకి ఫోన్ హోల్డర్ వేలాడుతోంది. వాళ్ళిద్దరి మధ్య, నాకు సరిగ్గా ముందు, ఒక పెద్దాయన. ఆయన బండికి రెండూ ఉన్నాయి, కొత్తవి, షోరూమ్ వాళ్ళు అంటించిన ప్లాస్టిక్ పొర కూడా అంచుల్లో అలాగే ఉంది. ఆయన అద్దంలో నాకు ఆయన మొహం కనిపించాలి. కనిపించలేదు. కడుతున్న మెట్రో పిల్లరు తల, దాని పైన కాస్త మబ్బు కనిపించాయి.

నాకు ఆయన కనిపించడం లేదంటే ఆయనకు నేనూ కనిపించడం లేదు. అద్దం దగ్గర ఈ లెక్క ఎప్పుడూ తప్పదు.

గ్రీన్ పడగానే వెనకనుంచి పది హారన్లు ఒక్కసారే మోగాయి. పెద్దాయన ఉలిక్కిపడి ఎడమకు జరిగాడు. ఆ ఎడమనుంచే ఇంకో బండి దూసుకొస్తోంది, దానివాడు ఇంకా గట్టిగా కొట్టాడు. ఆయన మళ్ళీ కుడికి జరిగాడు. ఎటు జరగాలో ఆయనకు హారన్లే చెబుతున్నాయి.

ఈ ఊళ్ళో హారన్ మోత గురించి అందరం తిట్టుకుంటాం, నేనూ తిట్టుకుంటాను. కానీ ఆ మోతలో సగం అద్దాల తప్పే అని నాకిప్పుడు గట్టి నమ్మకం. మన వెనక ఎవరున్నారో మనం చూసుకోం. ఎవరున్నారో వాళ్ళే వచ్చి అరిచి చెప్పాలి. లారీల వెనక పెద్ద పెద్ద అక్షరాలతో రాసేది కూడా ఇదే కదా, దయచేసి హారన్ కొట్టు అని. లారీకి దాంట్లో కాస్త న్యాయం ఉంది. వెనక తొట్టి నిండా సరుకు వేసుకున్నవాడికి సరిగ్గా తన వెనకున్నది ఏ అద్దంలోనూ కనిపించదు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ రాతను నిషేధించింది కూడా. రాత చెరపడం సులువే. మరి మన బైకుల వెనక ఎక్కడా ఏ రాతా లేదు, ఏ తొట్టీ అడ్డం లేదు, అయినా అందరం అదే పద్ధతిలో బతుకుతున్నాం.

పెద్దాయన్ని అనే హక్కు నాకు లేదని కూడా చెప్పాలి. మూడేళ్ళపాటు నా అద్దాల్లో నాకు కనిపించింది నా మోచేతులు. కుడి అద్దంలో కుడి మోచెయ్యి, ఎడమ అద్దంలో ఎడమ మోచెయ్యి, మిగిలిన కాస్త జాగాలో రోడ్డు. బండి కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే వదిలేశాను. అద్దం సర్దుకోవడం అనేది ఒక పని అని కూడా నాకు తోచలేదు.

తోచేలా చేసింది నా ఎడమ అద్దం. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఎవరి బండో ఆనుకుని అది పగిలింది. బొమ్మనహళ్ళిలో దారి పక్కన వేలాడదీసి అమ్మే చోట ఒకటి కొని, అక్కడే బిగించుకుని వచ్చేశాను. నిగనిగలాడుతోంది, పాతదానికంటే ఎక్కువ వెడల్పు రోడ్డు చూపిస్తోంది. భలే బేరం అనుకున్నాను. వారం తిరక్కుండానే బెళ్ళందూరు దాటాక సర్వీసు రోడ్డులోకి దిగడానికి ఎడమకు చూశాను. బీఎంటీసీ బస్సు ఎక్కడో దూరంగా, అగ్గిపెట్టెంత ఉంది. ఇండికేటర్ వేసి జరిగాను. బస్సు పెట్టిన హారన్‌కి నా గుండె గొంతులోకొచ్చింది. అది దూరంగా లేదు, నా భుజం పక్కనే ఉంది. డ్రైవరు కన్నడలో నన్ను అన్న మాట ఇక్కడ రాయను. ఆయన అన్నదాంట్లో తప్పులేదు.

ఆ రాత్రి బండిని బేస్‌మెంట్‌లో పెట్టి, వెనక నిలిపి ఉన్న ఒక తెల్ల కారును రెండు అద్దాల్లోనూ మార్చి మార్చి చూశాను. కుడి అద్దంలో కారు అరచేయంత ఉంది. ఎడమ అద్దంలో బొటనవేలంత. ఒకే కారు, ఒకే దూరం. పదో తరగతిలో కుంభాకార దర్పణం అని బట్టీ పట్టిన పాఠం అప్పుడు అర్థమైంది. బండి అద్దాలు చాలావరకు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. ఉబ్బు ఎక్కువయ్యే కొద్దీ ఎక్కువ వెడల్పు కనిపిస్తుంది, కానీ ప్రతిదీ చిన్నగా, ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. కొండ కూడా అద్దంలో చిన్నదే అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నా కుడి అద్దం ఒక ఉబ్బు, కొత్త ఎడమది ఇంకో ఉబ్బు. మూడేళ్ళుగా కుడి అద్దంలో కుదురుకున్న దూరం లెక్కను నేను ఎడమ అద్దానికీ వాడేశాను. అందుకే చెప్తున్నాను, ఒక అద్దం పగిలితే రెండోది ఎంత బాగున్నా సరే, జతగా మార్చండి. లేదా అచ్చంగా అదే మోడల్‌ది వెతికి పట్టుకోండి. కొనే ముందు రెండిట్లోనూ మీ మొహం చూసుకుంటే చాలు, ఏది ఎంత ఉబ్బుందో తెలిసిపోతుంది. నేను తర్వాత బళ్ళ విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డుకు వెళ్ళి జత తెచ్చుకున్నాను.

ఆ జతను బిగించింది కదిరి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక మెకానిక్. మా ఇంటి దగ్గరే షెడ్డు. నేను అద్దం వైపు వేలు చూపించి, "కొంచెం బయటికి తిప్పు తమ్ముడూ" అన్నాను.

"నువ్వు కూర్చో అన్నా ముందు."

"చూస్తున్నా కదా, నిలబడే చూస్తా."

"నిలబడి బండి తోల్తావా?"

సెంటర్ స్టాండు తీయించాడు. తన దగ్గరున్న పిల్లవాణ్ణి ముందు చక్రం పట్టుకోమన్నాడు. నేను రోజూ వేసుకునే జాకెట్ వేసుకోమన్నాడు, ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకోమన్నాడు, హెల్మెట్ పెట్టుకోమన్నాడు. పెళ్ళికొడుకుని చేస్తున్నట్టే ఉంది. కానీ ప్రతిదానికీ ఒక కారణం చెప్పాడు. స్టాండు మీద ఉన్నప్పుడు బండి ఒక వాలులో ఉంటుంది, మనిషి కూర్చుంటే వెనక షాక్‌లు దిగి ఇంకో వాలుకి వస్తుంది. జాకెట్ చేతులు ఉబ్బుతాయి, అద్దంలో సగం అవే ఆక్రమిస్తాయి. హెల్మెట్ పెట్టాక తల నిలిపే తీరే మారుతుంది. మామూలు చొక్కాతో నిలబడి సర్దుకున్న అద్దం రోడ్డు మీద ఇంకెవరిదో అద్దం.

తర్వాత 14 నంబరు పానాతో కాడ కింద లాక్ నట్టు వదులు చేశాడు. ఇక్కడే మనలో చాలామంది చేసే పొరపాటు ఉంది. మనం గాజు ఉన్న తలను మాత్రమే వేలితో అటూ ఇటూ నొక్కుతాం. కాడ లోపలికి తిరిగి ఉంటే తలను ఎంత నొక్కినా మోచెయ్యే కనిపిస్తుంది. ముందు కాడను బయటికి తిప్పి నట్టు బిగించాలి, ఆ తర్వాతే తలను సర్దాలి. నా మూడేళ్ళ మోచేతుల రహస్యం ఈ ఒక్క నట్టులో ఉంది. పానా తిప్పుతూనే ఇంకో మాట అన్నాడు: యమహా బళ్ళకు కుడివైపు మర ఎదురు తిరుగుడు ఉంటుంది, తెలియక మామూలుగా తిప్పినవాళ్ళు మర చెడగొట్టుకుని వస్తుంటారు అని. అలా ఎందుకు పెట్టారంటే, ముందునుంచి ఏదైనా తగిలినప్పుడు అద్దం విరగకుండా వదులై వెనక్కి తిరగడానికట. మా బావమరిది ఒకసారి అలాగే బలంగా తిప్పేసి బ్రేక్ లివర్ పట్టు దగ్గర మర పోగొట్టుకున్నాడు. అప్పుడు బండిని తిట్టాం.

గాజు సర్దేటప్పుడు అతని లెక్క ఇది. లోపలి అంచులో నా భుజమో మోచెయ్యో కాస్త తగలాలి, అద్దం వెడల్పులో నాలుగో వంతు మించకూడదు. అస్సలు కనిపించకపోతే మంచిది కదా అంటే, కాదన్నాడు. మన ఒళ్ళు కాస్త కనిపిస్తేనే మిగతాది మనకి ఎటువైపు ఉందో కంటికి అందుతుంది. నిలువులో రోడ్డు, ఆకాశం కలిసే గీత సగానికి కాస్త పైన ఉండాలి. ఆకాశం నుంచి మనమీదకు వచ్చేదేమీ లేదు కదా అన్నా, అన్నాడు.

అప్పుడు చేసిందే అసలు పని. షెడ్డు ముందున్న సందులో నా వెనక ఓ ముప్పై అడుగులు నడిచి వెళ్ళి నిలబడ్డాడు. "కనిపిస్తున్నానా?" కుడి అద్దంలో కనిపిస్తున్నాడు. అక్కడినుంచి మెల్లగా నా కుడిపక్కకు నడుస్తూ రావడం మొదలుపెట్టాడు. "మాయమైనప్పుడు చెప్పు." నీలం చొక్కా అద్దం మధ్యనుంచి బయటి అంచుకి జరిగింది, అంచులో సగం తెగింది, పోయింది. చెప్పాను. అక్కడే ఆగాడు. "ఇప్పుడు తల తిప్పకుండా ముందుకే చూడు. కంటి కొసకి తగులుతున్నానా?" తగల్లేదు. ఇంకో అడుగు. తగల్లేదు. ఇంకో రెండడుగులు వేశాక హెల్మెట్ అంచు దగ్గర నీలం మెదిలింది. ఆ మూడడుగుల జాగాలో ఒక మనిషి నా లోకంలో లేడు. ఒక స్కూటర్ సుఖంగా పడుతుంది అందులో. వచ్చి గాజును ఒక్క పిసరు బయటికి నొక్కి మళ్ళీ వెళ్ళి మళ్ళీ నడిచాడు. మూడడుగులు ఒకటిన్నర అయింది. "ఇంక అద్దంతో కాదన్నా. ఇది నీ మెడ చూసుకోవాలి." అంటే, పక్కకు జరిగే ముందు భుజం మీదుగా ఒక్క చూపు. ఎడమవైపూ అలాగే నడిచాడు.

ఆ నడక కోసం అతను డబ్బులేమీ తీసుకోలేదు. అద్దం సర్దుకోవడం గురించి నాకు తెలిసిందంతా ఆ పది నిమిషాల్లోది. ఇంట్లో ఎవరినైనా వెనకనుంచి అలా నడిపించి చూడండి.

ఇదంతా ఆఫీసులో ఒక మిత్రుడితో చెబితే కొట్టిపారేశాడు. అతనిది విజయవాడ, ఇక్కడ పన్నెండేళ్ళుగా బండి నడుపుతున్నాడు. "బెంగళూరు ట్రాఫిక్‌లో వెనక్కి చూసే తీరిక ఎవడికుందండీ? ముందున్నది చూసుకుంటే చాలు, వెనకవాడి సంగతి వెనకవాడు చూసుకుంటాడు" అన్నాడు. ఈ మాట మన దేశంలో కోట్లమంది పాటించే సిద్ధాంతం. అందులో సగం నిజం ఉంది కాబట్టే అది బతుకుతోంది. ముందు బండికి తగినంత దూరంలో ఉండాల్సిన బాధ్యత వెనకవాడిదే. 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్లు కూడా అదే అంటాయి. నేను తిన్నగా వెళ్తున్నంతసేపూ నా మిత్రుడు రైటే.

కానీ ఇక్కడ తిన్నగా ఎవరు వెళ్తున్నారు? సిల్క్ బోర్డు నుంచి అగర దాకా నేను ఎన్నిసార్లు పక్కకు జరుగుతానో లెక్కపెట్టబోయి వదిలేశాను. ఆగిన బస్సును తప్పించి ఒకసారి, మెట్రో పనుల బారికేడ్ బయటికి పొడుచుకొచ్చిన చోట ఒకసారి, ఎదురు వచ్చే స్కూటర్ కోసం ఒకసారి. అన్నిటికీ మించి గుంతలు. గుంత మనకు కనిపించేది ముందు కారు దాన్ని దాటాక. వానాకాలంలో అదీ లేదు, నీళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. గుంత కనపడ్డాక అద్దంలోకి చూసి, ఎవరున్నారో పోల్చుకుని, అప్పుడు జరగాలంటే గుంతలోనే ఉంటాం. కాబట్టి అప్పుడు చూడం. హ్యాండిల్ కొట్టేస్తాం. ఆ క్షణంలో వెనక కుడిపక్కన ఎవరున్నారన్నది ముందే తెలిసుండాలి.

అద్దం మలుపు తిరిగేటప్పుడు చూసుకునే వస్తువని మనకు ఎవరో నేర్పారు, అక్కడే దెబ్బతిన్నాం. అది ఎప్పుడూ చూసుకుంటూ ఉండాల్సిన వస్తువు, వంట చేసేవాళ్ళు పొయ్యి మీద పాలను చూసినట్టు. నాకంటే 20 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వచ్చేవాడు ఐదు సెకన్లలో నాకు దాదాపు 28 మీటర్లు దగ్గరవుతాడు. ఐదు సెకన్ల కింద అద్దంలో చుక్కలా ఉన్నవాడు ఇప్పుడు నా మోకాలి పక్కన ఉండొచ్చు. వెనకా ముందూ చూసుకోకుండా అనే మాటను మనం డబ్బు దగ్గరా పెళ్ళిళ్ళ దగ్గరా తెగ వాడతాం. రోడ్డు మీద మాత్రం ముందొక్కటే చాలంటాం.

అద్దాలు పొడుచుకొచ్చి కార్ల మధ్య దూరడానికి అడ్డొస్తాయన్నది ఇంకో వాదన. అడ్డొస్తాయి. కొన్ని బళ్ళకు హ్యాండిల్ కంటే అద్దాలే వెడల్పు, అవి సరిగ్గా కారు అద్దాల ఎత్తుకే వస్తాయి. నావీ ఒకట్రెండుసార్లు టకీమని తగిలాయి. అద్దం పట్టని సందులో మనిషి మోకాళ్ళు పడతాయా అని అడగాలనిపిస్తుంది గానీ, సరే, పార్కింగ్‌లో తోసుకుంటూ వెళ్ళేటప్పుడు మడుచుకోండి. బయటికొచ్చాక తెరవండి. హ్యాండిల్ చివర తగిలించే గుండ్రటి అద్దాలు చూడ్డానికి బాగుంటాయి, మోచెయ్యి అడ్డు లేకుండా చూపిస్తాయి కూడా. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద అవి ఎన్ని రోజులు నిలుస్తాయన్నదే నా సందేహం.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో అద్దాల గురించి కూడా ఉంది. హెల్మెట్ లేదని ఆపినవాళ్ళున్నారు గానీ, నీ అద్దంలో ఆకాశం కనిపిస్తోందేమిటి అని నన్ను ఇంతవరకు ఎవరూ ఆపలేదు.

ఇంట్లో ఇంకో కథ. మా స్కూటర్ ఇద్దరం వాడతాం. నేను ఐదడుగుల పది అంగుళాలు, మా ఆవిడ ఐదడుగుల ఒకటి. నా అద్దాల పిచ్చి ముదిరాక ఒకరోజు కిందికెళ్ళిన మనిషి ఫోన్ చేసింది.

"ఏం చేశావు బండికి? నాకు స్లాబ్ కనిపిస్తోంది."

"ఏ స్లాబ్?"

"బేస్‌మెంట్ స్లాబ్. సీలింగు. ట్యూబ్‌లైట్ కూడా."

నా కంటి ఎత్తుకు సర్దిన అద్దం, కిందనుంచి చూసే మనిషికి పైకప్పు చూపిస్తుంది. ఇంతకుముందు ఎప్పుడూ ఎందుకు అనలేదంటే, ఇంతకుముందు ఇద్దరికీ ఏమీ కనిపించేది కాదు. ఇప్పుడు ఎవరు ఎక్కితే వాళ్ళు గాజును సర్దుకుంటాం, కాడ జోలికి పోం. తను వెనక కూర్చున్నప్పుడు కూడా తేడా వస్తుంది. వెనక బరువు పెరిగి బండి ముక్కు పైకి లేస్తుంది, అద్దం రోడ్డు వైపు వాలుతుంది, వెనకవచ్చే కారు టైర్ల దగ్గర తెగిపోతుంది. ఒక్క పిసరు పైకి నొక్కాలి. నేను నొక్కుతుంటే తను వెనకనుంచి, "స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటుంది, కాస్త సర్దుకోండి అని కన్నడలో. ఈ ఊళ్ళో పదేళ్ళుగా ఉంటున్నాం, ఆ మాట ఇంత సరిగ్గా అతికిన చోటు ఇంకోటి దొరకలేదు.

అద్దం వణికితే? ఒంటి సిలిండర్ బళ్ళలో ఒక వేగం దగ్గర గాజు మసకబారినట్టు అదురుతుంది, వెనకున్నది కారో ఆటోనో తెలియదు. లాక్ నట్టు వదులైందేమో చూడాలి, హ్యాండిల్ చివర ఉండే బరువులు ఊడిపోయాయేమో చూడాలి. రెండూ బాగుంటే గేరు మార్చి ఆ వేగం దాటేయడమే. స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ తల వాలిపోతుంటే లోపలి గుండు కీలు అరిగినట్టు, దాన్ని మార్చేయడమే. వాన రోజుల్లో ప్రతి సిగ్నల్లో వేలితో ఒకసారి తుడుస్తాను.

ఇదంతా మొదలుపెట్టాక నాకు పడే హారన్లు తగ్గాయి. కొలతలేమీ లేవు, నా చెవుల మాట అంతే. వెనక ఎవడో తొందరలో వస్తున్నాడని అద్దంలో ముందే కనిపిస్తే అరడుగు ఎడమకు ఒరుగుతాను. వాడు హారన్ మీద బొటనవేలు పెట్టేలోపే దారి దొరికి వెళ్ళిపోతాడు. దారిచ్చినందుకు ఎవడూ థ్యాంక్స్ చెప్పడు, నేనున్నానని వాడికి తెలిసుండదు కూడా. మెట్రోలో ఎల్లో లైన్ 2025 ఆగస్టులో వచ్చాక మా వీధిలో కొందరు మెట్రోకి మారిపోయారు. నా ఆఫీసు ఆ దారిలో లేదు, కాబట్టి నాకు ఈ అద్దాలే గతి.

నా పోరాటం ఇప్పుడు పార్కింగ్‌లతో. ఆఫీసు పార్కింగ్‌లో బళ్ళను సర్దే కుర్రాళ్ళు హ్యాండిల్ బదులు అద్దాల కాడలు పట్టుకుని లాగుతారు. పక్కబండి వాళ్ళు తమ హెల్మెట్‌ను నా అద్దానికి తగిలించి వెళ్తారు. కిలోకి పైగా బరువు రోజంతా వేలాడితే ఏ నట్టయినా ఎన్నాళ్ళు ఆగుతుంది? అందుకని 14 నంబరు పానా ఒకటి కొని ల్యాప్‌టాప్ బ్యాగులో వేసుకున్నాను. మొన్న సోమవారం గేటు దగ్గర స్కానర్‌లో బ్యాగు ఆపేశారు. సెక్యూరిటీ ఆయన పానా బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేంటి సార్ అన్నాడు.

"అద్దం కోసం."

ఆయన పానా వంక చూశాడు, నా వంక చూశాడు, రిజిస్టర్ తెరిచాడు. వస్తువు అన్న గడిలో ఏం రాయమంటారు అని అడిగాడు.